పేపర్‌క్రీట్‌తో కట్టడానికి అందరూ కలిసి ఒక గైడ్ రాయడం ఎలా?

పాత కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, గుజ్జు చేసి, అందులో సిమెంటు, కొంచెం ఇసుక కలిపి అచ్చుల్లో పోసి ఆరబెడితే వచ్చేదే పేపర్‌క్రీట్. ఇటుక తేలిగ్గా ఉంటుంది. రంపంతో కోయొచ్చు, మేకు సులువుగా దిగుతుంది, ఎండ వేడిని బాగానే ఆపుతుంది. కొన్ని దశాబ్దాల కిందట అమెరికా నైరుతి ప్రాంతంలో ఎరిక్ ప్యాటర్సన్, మైక్ మెకెయిన్ అనే ఇద్దరు ఎవరి దారిన వాళ్ళు దీని మీద పనిచేసి నలుగురికీ తెలిసేలా చేశారు. మెకెయిన్ అయితే పాత కారు వెనక ఇరుసు మీద ట్యాంకు బిగించి, లోపల గడ్డి కోసే యంత్రం బ్లేడు పెట్టి, బండితో లాగుతుంటే గుజ్జు తయారయ్యే మిక్సర్ చేశాడు. మామూలు కాంక్రీట్ మిక్సర్ కాగితాన్ని తిప్పుతుందే గానీ చీల్చదు మరి.

మన దగ్గర ఇది ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుగా తరచూ కనిపిస్తుంది. రిపోర్టు బైండింగై లైబ్రరీకి వెళ్తుంది, మేస్త్రీ చేతికి మాత్రం రాదు. ఒక కాలేజీ బృందమో, ఊరి యువకుల సంఘమో, నలుగురు స్నేహితులో కలిసి తెలుగులో పనికొచ్చే గైడ్ తయారు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెళ్ళాలి అన్నది ఈ వ్యాసం.

1. దేని గురించి రాయరో ముందు తేల్చుకోండి

మొదటి సమావేశంలో అందరూ "ఇల్లు ఎలా కట్టాలి" అని మొదలుపెడతారు. అక్కడే ఆపండి. మామూలు మట్టి ఇటుకలకు మన ఐఎస్ 1077 ప్రమాణంలో ఉన్న అతి తక్కువ తరగతికే చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్ల బలం కావాలి. కాగితం ఎక్కువగా ఉన్న పేపర్‌క్రీట్ సాధారణంగా ఆ దరిదాపులకు రాదు. పైగా నీళ్ళను బాగా పీల్చుకుంటుంది. కాబట్టి పునాది, స్లాబు బరువు మోసే గోడ, బాత్రూం గోడ, వాన నేరుగా కొట్టే గోడ ఈ గైడ్‌లో ఉండవని మొదటి పేజీలోనే రాసేయండి.

మిగిలేది తక్కువేం కాదు. పిల్లర్లూ బీములూ ఉన్న ఇంట్లో పార్టిషన్ గోడ, రేకుల షెడ్డుకు లోపలి వైపు వేడి తగలకుండా కట్టే పొర, వరండా కింద అరుగు, సామాన్ల గది. వీటిలో ఒక్కటి ఎంచుకోండి. ఒక పార్టిషన్ గోడను మొదటి నుంచి చివరిదాకా చూపించే ఇరవై పేజీల గైడ్, అన్నిటినీ ముట్టుకుని వదిలేసే రెండొందల పేజీల పుస్తకం కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

2. ఎవరెవరు కావాలి?

రాయగలిగినవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు, కొరత చేసినవాళ్ళకే. కనీసం ఒక తాపీ మేస్త్రీ ఉండాలి. ఆయన్ని సలహా అడిగి పంపించడం కాదు, ప్రయోగం చేసే రోజులకు కూలి లెక్కగట్టి ఇవ్వండి, గైడ్‌లో పేరు వేయడం ఇష్టమేనా అని అడగండి. పాత పేపర్లు కొనే వ్యాపారిని కలుపుకుంటే ఏ రకం కాగితం ఏ సీజన్లో ఎంతకి, ఎంత దొరుకుతుందో తెలుస్తుంది. అమెరికాలో ఈ ఆలోచన మొదలైన రోజుల్లో పాత కాగితాన్ని ఉచితంగా దొరికే చెత్తగా లెక్కేసుకున్నారు. ఇక్కడ పాత పేపరు కిలోల లెక్కన అమ్ముడుపోతుంది, ఆ ఖర్చు గైడ్‌లో కనబడాలి. ఇటుకల బలం పరీక్షించే మెషిన్ ఉన్న సివిల్ ల్యాబ్‌తో పరిచయమున్న లెక్చరర్ ఒకరు ఉంటే చాలా పని తేలికవుతుంది.

ఇంకొకరిని మర్చిపోవద్దు. కాగితం నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జును చేటలకూ బుట్టలకూ అలికిన పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. గుజ్జు ఎంతసేపు నానాలి, ఎప్పుడు వాసన పట్టడం మొదలవుతుంది, చేతికి ఎలా తగిలితే సరిగ్గా వచ్చినట్టు అన్నవి అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టుకుని అడగండి. ఆ అధ్యాయానికి వాళ్ళే రచయితలు.

3. కొలతల మీద ఒప్పందం

గైడ్ నిలబడేదీ కూలేదీ ఇక్కడే. కాబట్టి ఈ భాగానికి తొందరపడకండి.

చాలా రిపోర్టుల్లో "సిమెంటు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుజ్జు రెండు పాళ్ళు" అని రాసి ఉంటుంది. గుజ్జు ఎంత పిండారు? ఒకరు గట్టిగా పిండితే అదే గంపలో కాగితం ఎక్కువ పడుతుంది, ఇంకొకరు వదులుగా వదిలేస్తే సగం నీళ్ళే. గంప సైజు ఊరికో రకం, తట్ట మేస్త్రీకో రకం. అందుకని కాగితాన్ని నానబెట్టక ముందు, పొడిగా ఉన్నప్పుడే తూచాలి. వానాకాలంలో కొట్టులో పడి ఉన్న పేపరు చెమ్మ పట్టి ఉంటుంది గనక ఒకరోజు ఎండలో పరిచి తర్వాత తూచండి. సిమెంటు, ఇసుక కిలోల్లో, నీళ్ళు లీటర్లలో. ఇంకే కొలతా ఒప్పుకోకండి.

బయటి నుంచి తెచ్చుకున్న పాళ్ళను మార్చేటప్పుడు మరీ జాగ్రత్త. అమెరికాలో బండితో లాగే ఆ మిక్సర్‌కు బాగా వాడుకలో ఉన్న పాళ్ళు ఇవి: నీళ్ళు 160 గ్యాలన్లు, కాగితం 60 పౌండ్లు, సిమెంటు ఒక బస్తా, ఇసుక 65 పౌండ్లు. అక్కడి బస్తా 94 పౌండ్లు, అంటే దాదాపు 43 కిలోలు. మన బస్తా 50 కిలోలు. "ఒక బస్తా" అని ఉన్నది ఉన్నట్టు దింపుకుంటే 7 కిలోల సిమెంటు ఎక్కువ పడినట్టే. ఆ పాళ్ళను నాలుగో వంతుకు తగ్గిస్తే మామూలు 200 లీటర్ల డ్రమ్ముకు సరిపోతుంది: నీళ్ళు 150 లీటర్లు, పొడి కాగితం 6.8 కిలోలు, సిమెంటు 10.7 కిలోలు, ఇసుక 7.4 కిలోలు. మీ ప్రయోగాలకు ఇది మొదటి మెట్టు మాత్రమే, తుది మాట కాదు.

ఆ లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. కాగితం కంటే సిమెంటే ఎక్కువ బరువుంది! "కాగితం ఇల్లు", "పర్యావరణానికి మేలు" అని అట్ట మీద పెద్దక్షరాలతో వేయాలని ఎవరికైనా ఉబలాటంగా ఉంటే ఈ నాలుగు అంకెలూ చూపించండి. సిమెంటు తగ్గించి, మట్టి కలిపి చేసే రకాలూ ఉన్నాయి. వాటికి వేరే అధ్యాయం పెట్టండి, ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టొద్దు.

4. ప్రతి విడతకూ ఒక కార్డు

ఒక్కో మిశ్రమానికి ఒక్కో అట్టముక్క కార్డు రాయాలి. అందులో విడత నంబరు, తేదీ, ఊరు, కాగితం రకం, నాలుగు బరువులు, ఎంతసేపు నానింది, ఎంతసేపు తిప్పారు, అచ్చు కొలత, అచ్చు తీసిన రోజు, ఆ వారం వాతావరణం, చేసినవాళ్ళ పేర్లు ఉండాలి. ఇటుక మీద కూడా తడిగా ఉన్నప్పుడే మేకుతో అదే నంబరు గీయండి. ఒక విడతలో ఒక్క విషయమే మార్చండి. కాగితం రకం, సిమెంటు రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు, వాట్సాప్‌లో వాదన మాత్రం వారం రోజులు నడుస్తుంది.

పని ఇలా సాగుతుంది. పేపర్లలోంచి ప్లాస్టిక్ కవర్లు, లామినేషన్ అట్టలు ఏరేయండి. చిన్నగా చించి రాత్రంతా నానబెట్టండి. నిగనిగలాడే మ్యాగజైన్ కాగితం ఆలస్యంగా నానుతుంది. ఎండాకాలంలో రెండు మూడు రోజులు వదిలేస్తే కంపు కొడుతుంది. డ్రిల్లుకు పెయింటు కలిపే కాడ తగిలించి, ముక్కలు కనిపించనంత వరకూ తిప్పండి. తర్వాత సిమెంటు, ఇసుక వేసి మళ్ళీ తిప్పి, అడుగు లేని చెక్క అచ్చుల్లో పోయండి. నీళ్ళు చాలావరకు కిందికి కారిపోతాయి. ఆ నీళ్ళలో సిమెంటు ఉంటుంది, చెట్ల మొదట్లోకో కాలవలోకో వదలకుండా గుంట తీసి పట్టుకుని తర్వాతి విడతకు వాడుకోండి.

తడి చేతులతో కరెంటు డ్రిల్లు పట్టుకునే పని ఇది. కాబట్టి షాక్ కొడితే వెంటనే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు నుంచే కనెక్షన్ తీసుకోవాలి. సిమెంటు బస్తా విప్పేటప్పుడు మాస్కు, గుజ్జులో చెయ్యి పెట్టేటప్పుడు రబ్బరు గ్లవుజులు తప్పనిసరి. ఈ హెచ్చరికలు చివరి పేజీలో కాదు, పని మొదలయ్యే పేజీలోనే ఉండాలి.

5. పరీక్షలు

ఒక్కో విడత నుంచి కనీసం మూడు ఇటుకలు పక్కన పెట్టండి. రోజూ తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. పొడవు, వెడల్పు, ఎత్తు మళ్ళీ కొలిస్తే ఎంత కుంచించుకుందో తెలుస్తుంది, ఈ ఇటుక బాగానే కుంచించుకుంటుంది. తర్వాత ఒకదాన్ని 24 గంటలు నీళ్ళలో ముంచి తూచండి. మట్టి ఇటుకలకు చేసే పరీక్షే ఇది, అక్కడ మామూలు తరగతులకు పీల్చిన నీళ్ళు ఇటుక బరువులో 20 శాతం దాటకూడదంటారు. పేపర్‌క్రీట్ ఆ గీత చాలా దూరం దాటుతుంది. వచ్చిన అంకె ఎంత ఎక్కువైనా దాచకుండా వేయండి. ప్లాస్టరింగ్ ఎందుకు తప్పదో, నేల నుంచి ఎత్తులో రాతి వరసో సిమెంటు ఇటుక వరసో ఎందుకు వేయాలో ఆ అంకే చెబుతుంది.

బలం పరీక్షలో ఒక చిక్కుంది. మట్టి ఇటుక టక్కున పగులుతుంది, మెషిన్ ఒక అంకె చూపిస్తుంది. ఇదేమో పగలకుండా నొక్కుకుపోతూ ఉంటుంది. కాబట్టి ఎంత అణిగినప్పుడు చదివిన అంకో కూడా రాయాలి, లేకపోతే రెండు ల్యాబుల ఫలితాలు పోల్చలేరు. నిప్పు పరీక్ష ఆరుబయట, పక్కన నీళ్ళ బకెట్లతో చేయండి. సిమెంటు తక్కువైన మిశ్రమం మంట కనిపించకుండా లోపల్లోపల రాజుకుని గంటల తరబడి కాలుతుంది. అందుకే పైన ఆరిపోయిందని వదిలేసి వెళ్ళొద్దు. మర్నాడు పొద్దున విరగ్గొట్టి లోపల చూసి అప్పుడు కార్డులో రాయండి.

ఈ వస్తువు పెరిగింది న్యూ మెక్సికో లాంటి ఎండిన నేలలో. అనంతపురంలో ఎండాకాలంలో ఆరిన తీరు చూసి అమలాపురంలో కార్తీక మాసంలో చేయబోతే బూజు పట్టిన ఇటుకలు మిగులుతాయి. వీలైతే రెండు వేరు వేరు వాతావరణాల నుంచి జట్లను కలుపుకోండి. అది కుదరకపోతే "ఫలానా జిల్లాలో, ఫలానా నెలల్లో చేసిన ఫలితాలు" అని ప్రతి పట్టిక కింద రాయండి.

6. రాయడం, తగువులు తీర్చడం

ఏ పని ఎవరు చేశారో ఆ పని గురించి వాళ్ళే చెప్పాలి. మేస్త్రీ చేత వ్యాసం రాయించక్కర్లేదు. పని చేస్తుండగా ఫోన్లో రికార్డు చేసి, ఆయన మాటల్లోనే ఎక్కించండి. మాలు, తాపీ, రసమట్టం లాంటి మాటలను పుస్తకాల భాషలోకి మార్చొద్దు. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి.

వాట్సాప్ గ్రూపు కబుర్లకు సరే, సమాచారానికి గోదారే. వారానికోసారి ఒకరు కూర్చుని పనికొచ్చేదంతా ఉమ్మడి గూగుల్ డాక్యుమెంటులోకి ఎక్కించాలి. అందరూ రాయొచ్చు, కానీ తుది ప్రతిని మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి. పేజీ కింద వెర్షన్ నంబరు, తేదీ వేయండి.

సిమెంటు ఎంత వేయాలి అన్నదాని మీద గొడవ ఖాయం. చేతులెత్తి ఓటు వేయించకండి. ఎవరి పాళ్ళతో వాళ్ళు ఒక విడత చేసి కార్డు నింపాలి. రెండూ పనికొస్తే రెండూ ఉంటాయి, కార్డు లేని అభిప్రాయం గైడ్‌లోకి రాదు. చెడిపోయిన విడతల కార్డులు కూడా వేయండి. చదివేవాడికి వంద రూపాయల సిమెంటు మిగిల్చేవి అవే.

7. కొత్తవాళ్ళ చేతికివ్వండి

ముసాయిదా పూర్తయ్యాక, ఈ పనితో ఏ సంబంధమూ లేని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, గైడ్ ఇచ్చి, సామాన్లు ఇచ్చి, ఇటుకలు చేయమనండి. రాసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. ఇది చాలా కష్టం, ముఖ్యంగా లెక్చరర్లకు. ఇటుకలు చేస్తున్నవాళ్ళు ఆగిన ప్రతిచోటా, "ఇదేంటండీ?" అని అడిగిన ప్రతిసారీ నోట్ చేసుకోండి. "గుజ్జు మెత్తగా అయ్యేవరకు" అన్న వాక్యం దగ్గర కచ్చితంగా ఆగుతారు. అప్పుడు దాన్ని "గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్ళలో వేస్తే అక్షరాలున్న ముక్క ఒక్కటీ కనిపించనంత వరకు" అని మార్చండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో సవరణ.

8. అచ్చు వేయడం, ఆ తర్వాత

ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే షరతుతో పంచాలి అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకటుంది, అది పెట్టండి. పీడీఎఫ్ ఒకటి, పని జరిగే చోట గోడకు అంటించుకునేలా పెద్దక్షరాలతో రెండు పేజీల కాగితం ఒకటి సిద్ధం చేయండి. గోడ ఎక్కడ కట్టినా స్థానిక ఇంజినీరుకు చూపించాలన్న మాట రెండింటిలోనూ ఉండాలి.

ప్రతి మంచి మిశ్రమం నుంచి మూడు ఇటుకలు వానాకాలానికి వదిలేయండి: ఒకటి ప్లాస్టరింగ్ లేకుండా ఆరుబయట, ఒకటి ప్లాస్టరింగ్ చేసి ఆరుబయట, ఒకటి కప్పు కింద. సంక్రాంతి తర్వాత తూచి, విరగ్గొట్టి, బూజు, చెదలు చూసి, కార్డుల్లో కొత్త వరస చేర్చండి. రెండో వెర్షన్ ముందు పేజీలో ఏ ఏ పేజీలు మారాయో జాబితా వేస్తే, పాత ప్రింటు ఉన్నవాళ్ళు ఆ పేజీలు మాత్రమే తీసుకుని మార్చుకుంటారు.