పాత ఇటుక గోడలో కొత్త తలుపు తీసే ముందు జాగ్రత్తలు

వేసవిలో పాత ఇళ్ల మరమ్మతులు మొదలవుతాయి. సున్నంతో కట్టిన, బరువు మోసే గోడను కొట్టే ముందు ఇవి చూసుకోండి.

• పైబరువుకు ఊతం పెట్టకుండా ఒక్క ఇటుక కూడా తీయొద్దు. దూలాలు ఆ గోడ మీదే ఆనితే, వాటి కింద అడ్డ గర్డర్ వేసి గోడకు రెండు వైపులా జాకీలు (ఎత్తు సరిచేసుకునే ఇనుప ఊత స్తంభాలు) నిలబెట్టాలి. పైన మరో అంతస్తు గోడ ఉంటే అదీ చాలదు. గోడకు కన్నాలు చేసి, సుమారు 3 అడుగులకొక ఇనుప గర్డర్ అడ్డంగా దూర్చి, రెండు కొసలకూ జాకీలు పెట్టాలి. దీనికి స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టాల్సిందే.

• జాకీ కింద మందపాటి చెక్క పలక. పాత ఇళ్లలో బండల కింద ఉండేది మట్టే. జాకీ దిగబడితే పైకప్పూ దిగుతుంది.

• ముందు లింటెల్ (తలుపు పైన గోడ బరువు మోసే అడ్డ దూలం), తర్వాతే తలుపు సందు. గోడ సగం మందంలో గాడి తీసి ఒక లింటెల్ పెట్టండి, అది గట్టిపడ్డాకే రెండో వైపు. కొసలు రెండు పక్కలా 6 అంగుళాలైనా ఆనాలి. సున్నం పొడిపొడిగా రాలుతుంటే 9. లింటెల్‌కీ పై ఇటుకలకీ మధ్య నీళ్లు తక్కువగా కలిపిన సిమెంటు మాలు కూరి దట్టించాలి. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే. ఖాళీ మిగిలితే జాకీలు తీయగానే పైన పగుళ్లొస్తాయి.

• గోడ మూలకు 2 అడుగుల లోపు తలుపు సందు వద్దు.

• సమ్మెట వద్దు, అదురుకు సున్నం పట్టు వదిలేస్తుంది. కట్టర్‌తో అంచులు కోసి, ఉలితో పైనుంచి ఒక్కో ఇటుకా విప్పండి.

• పాత పగుళ్ల కొసల దగ్గర పెన్సిల్ గీత, తేదీ. పగులు గీత దాటితే పని ఆపి అందరినీ బయటికి పంపండి.