మతంతో ముడిపడిన ఇంగ్లీషు మాటలను నేర్చుకునే పద్ధతి

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెబుతున్న రోజుల్లో ఒక అబ్బాయి, తనకు ఉద్యోగం చూపిన పెద్దాయన తండ్రి చనిపోయారని తెలిసి సంతాపం తెలుపుతూ ఉత్తరం రాసి, పంపే ముందు నాకు చూపించాడు. అందులో మొదటి వాక్యమే ‘యువర్ ఫాదర్ కిక్డ్ ద బకెట్’ అని ఉంది. జాతీయాల పుస్తకంలో ఆ మాటకు ఎదురుగా ‘మరణించుట’ అని మాత్రమే ఉండటంతో, అది ‘మీ నాయన టపా కట్టిండు’ అన్నంత మోటు మాట అని ఆ పిల్లవాడికి తెలిసే దారి లేకపోయింది. ఈ రకం మాటలను నేర్చుకునేటప్పుడు అర్థంతో పాటు ఆ మాట వెనుక ఉన్న కథనూ, దానిని ఎవరి ముందు అనవచ్చునో ఆ మర్యాదనూ కలిపి రాసుకోవాలని నేను పట్టుబట్టడం అప్పటి నుంచే మొదలైంది.

ముందుగా మన ఇంటి మాటలను ఒక కాగితం మీద రాయండి. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాము, దీపం ఆరితే కొండెక్కిందంటాము, ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటాము, రాత్రిపూట పామును పురుగు అంటాము. చావు విషయంలోనైతే ఒక్క ఊరిలోనే శివైక్యం చెందారని ఒక ఇంట, ప్రభువునందు నిద్రించారని మరొక ఇంట, ఇంతెకాల్ అయ్యారని ఇంకొక ఇంట వింటాము. ఇంత అలవాటు ఉన్న మనకు ఇంగ్లీషువారి చాటుమాటలు పట్టుబడటం కష్టమేమీ కాదు.

చావు మాటలను వాటి మర్యాదను బట్టి వరుసలో పెట్టుకోండి. ‘పాస్డ్ అవే’ ఏ మతం వారితోనైనా, ఏ ఉత్తరంలోనైనా చెల్లుతుంది. ‘గాన్ టు బి విత్ ద లార్డ్’ క్రైస్తవ కుటుంబాలు తమవారిని గురించి చెప్పుకొనే మాట కనుక, ఇతరుల ఇంటి విషయంలో దానిని మనంతట మనం వాడకూడదు. ‘మెట్ హిజ్ మేకర్’లో దేవుని ప్రస్తావన ఉన్నా కొంత తేలికదనం ధ్వనిస్తుంది, సంతాపానికి పనికిరాదు. మన దగ్గర అందరూ రాసే ‘ఎక్స్‌పైర్డ్’ను బయటి దేశాల వారు చదివితే గడువు తీరిన మందుసీసా గుర్తుకు రావచ్చు.

దేవుని పేరును వ్యర్థంగా ఉచ్చరించరాదన్న బైబిలు ఆజ్ఞ వల్ల ఇంగ్లీషులో మరొక గుంపు మాటలు పుట్టాయి. గాడ్ అనడానికి వెనుకాడి గాష్ అనీ, హెల్ అనడానికి వెనుకాడి హెక్ అనీ, డ్యామ్ బదులు డార్న్ అనీ అంటారు. భక్తి గల పెద్దల ముందు ‘ఓ మై గాడ్’ బదులు ‘ఓ మై గుడ్‌నెస్’ అనడం క్షేమం.

జాతీయాల దగ్గర మాత్రం తొందరపడకండి. వాటిలో ఎన్నో బైబిలు నుంచి, ముఖ్యంగా 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ అనువాదం ద్వారా జనం నోటికి ఎక్కాయి కనుక, తెలుగు బైబిలును పక్కన పెట్టుకొని ఆ అధ్యాయాన్ని ముందు మన భాషలో చదవడం నేనెరిగిన దగ్గరి దారి. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో యేసును విచారించిన రోమా అధిపతి పిలాతు జనం ఎదుట నీళ్లతో చేతులు కడుక్కొని, ఈ రక్తానికి తాను బాధ్యుణ్ణి కానంటాడు. ఆ దృశ్యం చదివాక ‘వాష్ యువర్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్’ అంటే మనం చేతులు దులుపుకోవడం అనేదేనని విద్యార్థి తానే చెబుతాడు.

‘స్కేప్‌గోట్’ను ఇంకా నిదానంగా చూడాలి. పత్రికల్లో దీనిని బలిపశువు అంటారు గనుక పెద్దగట్టు జాతరలో చౌడమ్మ తల్లి దగ్గర యాటపోతులను కోయడం చూసిన మన పిల్లలు, ఇది కూడా అటువంటి మేకే అనుకుంటారు. బైబిలులోని లేవీయకాండము 16వ అధ్యాయంలో ఉన్నవి రెండు మేకలు. ఒకదానిని బలి ఇస్తారు, రెండవదాని తల మీద యాజకుడు చేతులుంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకొని, దానిని ప్రాణంతోనే అరణ్యంలోకి తోలిస్తాడు. 1530లో విలియం టిండేల్ తన ఇంగ్లీషు బైబిలు అనువాదంలో ఆ రెండవ మేకకే ఈ పేరు పెట్టాడు. అందుకే ఇతరుల తప్పును మోస్తూ వెలివేతకు గురైన మనిషికి ఆ మాట అంతగా అతుకుతుంది.

‘డెవిల్స్ అడ్వొకేట్’ అంటే తిట్టు కాదు. కాథలిక్ సంఘంలో ఒకరిని పునీతులుగా ప్రకటించే ముందు వారికి వ్యతిరేకంగా వాదించడానికి ఒక అధికారి ఉండేవాడు. 1983లో రెండవ జాన్ పాల్ పోపు ఆ పద్ధతిని మార్చినా, కావాలని ఎదురు వాదన వినిపించేవారికి ఆ పేరు మిగిలింది.

ఇక మన పండుగలను ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకోండి. మొక్కుకు ‘వౌ’, తలనీలాలు ఇవ్వడానికి ‘టాన్షర్’ సరిపోతాయి. ఉర్సును, ప్రసాదాన్ని అదే పేరుతో ఉంచి పక్కన ఒక వాక్యంలో వివరించడం మేలు. దీపావళి తర్వాత వచ్చే కురుమూర్తి జాతరలో వడ్డేమాన్ నుంచి ఊరేగింపుగా తెచ్చే స్వామివారి ఉద్దాలను ‘స్లిప్పర్స్’ అని రాస్తే వాటి గౌరవమంతా పోతుంది. ఒక పాలమూరు అమ్మాయి ‘ఉద్దాలు’ అనే మాటనే ఉంచి, దేవుని కోసం తోలుతో కుట్టిన ‘సేక్రెడ్ శాండల్స్’ అని వివరించింది, నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

వారానికి ఐదు మాటలు చాలు. ఒక్కొక్కదానికి నోటుపుస్తకంలో అర పేజీ ఇచ్చి, కథను రెండు వాక్యాల్లో, అనదగిన చోటును ఒక వాక్యంలో, మీ ఊరి విషయంతో అల్లిన సొంత ప్రయోగాన్ని చివర రాయండి. మరునాడు, మళ్లీ వారానికి, కథను చేత్తో మూసి మాటను మాత్రమే చూస్తూ పైకి చెప్పుకోండి. కథ గుర్తుకు రాని మాట ఉంటే దానిని వచ్చే వారం ఐదింటిలో మొదటిదిగా చేర్చుకోండి.