వానలకు ముందు కప్పు పనులు: మేస్త్రీలకు బీమా జాగ్రత్తలు

జూన్ వానలు పడకముందే కోనసీమలో పెంకులు సర్దే పనులు, రేకులు మార్చే పనులు ఊపందుకుంటాయి. నిచ్చెన వేసే ముందే ఇవి చూసుకోండి.

• కూలీల పరిహార పాలసీ అన్నిటికంటే ముందు. మనిషి జారిపడితే పరిహార బాధ్యత పనిలో పెట్టుకున్న మేస్త్రీదే. మీ సొంత ప్రమాద బీమా అతని కుటుంబాన్ని ఆదుకోదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

• పాలసీలో ‘ఎత్తులో కప్పు పని’ అని స్పష్టంగా రాయించండి. పని స్వభావం దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

• కూలీల సంఖ్య తగ్గించి చూపవద్దు. తుపాను తరువాత అదనంగా వచ్చేవారినీ చేర్చించండి, వాళ్లవీ ప్రాణాలే.

• దారిన పోయేవారిపై పెంకు పడితే? బయటివారికి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ పాలసీ వేరుగా ఉండాలి.

• ప్రభుత్వ ప్రమాద బీమా పథకం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలే, అది బ్యాంకు ఖాతా నుంచే కోస్తారు. ప్రమాద మరణానికి 2 లక్షలు. జూన్ 1న కొత్త ఏడాది మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరుకు కూలీల ఖాతాల్లో డబ్బు ఉందో లేదో అడగండి.