రాడార్‌లో ఏం లేదు, కల్లంలో వడ్లు మాత్రం తడిసినయ్: ఎక్కడ తప్పు జరుగుతది, ఏం చేయాలి

మాది సూర్యాపేట దగ్గర. యాసంగి వడ్లు కోసి ఐకేపీ సెంటర్‌లో (సర్కారు వడ్లు కొనే కాడ) పోసినోళ్లకి ఏప్రిల్, మే నెలలు ఎట్లుంటయో చెప్పక్కర్లేదు. పొద్దున ఆరబోయాలి, తేమ 17 శాతం లోపుకి వస్తేనే కాంటా, సాయంత్రం పడమర మబ్బు లేస్తే ఉరికి కుప్ప చేసి పట్టా కప్పాలి. మా నాన్న, నేను ఇద్దరం కలిసి ఉన్న వడ్లన్నీ కుప్ప చేసి కప్పేసరికి 40 నిమిషాలు పడతది. అంటే వాన సంగతి నాకు 40 నిమిషాల ముందు తెల్వాలి, పది నిమిషాల ముందు తెలిస్తే సగం తడిసినట్టే. అందుకే ఫోన్‌లో వాతావరణ శాఖ రాడార్ బొమ్మ (వాన మబ్బులు ఎక్కడున్నయో రంగుల్లో చూపించేది) చూడటం నేర్చుకున్న, నేర్చుకునేటప్పుడు ఎక్కడెక్కడ దెబ్బతిన్ననో ఇక్కడ రాస్తున్న.

సమస్య: రాడార్ క్లీన్‌గా ఉంది, కానీ వాన వచ్చేసింది

ముందు బొమ్మ మీద టైమ్ చూడండి. మనోళ్లలో చాలామందికి ఇక్కడే దెబ్బ పడతది. ఆ టైమ్ చాలాసార్లు మన టైమ్ కాదు, యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్), దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఒకరోజు సాయంత్రం 4:10కి చూస్తే బొమ్మ మీద 10:02 అని ఉంది, అంటే మన లెక్కలో 3:32, అప్పటికే 38 నిమిషాల పాతది, ఫోన్‌లో పాత పేజీ అట్లనే ఉండిపోయింది. నాన్న "మబ్బు కమ్ముకొస్తుంది రా" అంటుంటే నేను "లేదు నాన్నా, రాడార్‌లో ఏం లేదు" అన్న. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మబ్బు 38 నిమిషాల్లో పాతిక కిలోమీటర్లు వచ్చేస్తది. ఆరోజు తడిసిన వడ్లు మళ్లీ ఆరడానికి మూడు రోజులు పట్టింది.

చేయాల్సింది: పేజీ రిఫ్రెష్ కొట్టి టైమ్‌కి 5:30 కలిపి చూడండి. మామూలుగా పది నిమిషాలకో కొత్త బొమ్మ వస్తది, అరగంట దాటినా కొత్తది రాలేదంటే ఆ రాడార్ ఆగిందనే అనుకుని పక్క రాడార్ తెరవండి. మనకి హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు ఉన్నయి, నెల్లూరు వైపు వాళ్లకి శ్రీహరికోట, చెన్నై కూడా పనికొస్తయి.

టైమ్ కరెక్ట్‌గానే ఉండి కూడా వాన కనపడకపోతే దూరం కారణం కావచ్చు. రాడార్ కిరణం నేల వెంట పోదు, కొంచెం పైకి లేచి పోతది, భూమేమో కిందికి వంగుతది, దాంతో దూరం పోయేకొద్దీ కిరణం ఇంకా ఎత్తున ఉంటది. అర డిగ్రీ కోణంలో వదిలితే వంద కిలోమీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు, రెండొందల దగ్గర నాలుగు కిలోమీటర్లు. మాకు హైదరాబాద్ రాడార్ దాదాపు 130 కిలోమీటర్లు, మచిలీపట్నం 190, అంటే హైదరాబాద్ కిరణం మా మీద రెండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది, మచిలీపట్నంది దానికి దాదాపు రెట్టింపు ఎత్తున. తక్కువ ఎత్తు మబ్బుల తుంపర దానికి దొరకదు. అందుకే ఎప్పుడైనా మీకు దగ్గర రాడారే మొదట, రెండోది సరిచూసుకోడానికి. అరకు, పాడేరు వైపు వాళ్లకి కొండలు కూడా అడ్డమొస్తయి, అక్కడ బొమ్మ ఖాళీగా ఉంటే వాన లేదని నమ్మకండి.

ఇంకోటి, ఎండాకాలం మబ్బు ఒక్కోసారి మన నెత్తి మీదనే పుడతది. ఎక్కడి నుంచో రాదు, అరగంటలో లేచి కుమ్మరిస్తది. దీనికి రాడార్ ముందే చెప్పలేదు. ఉక్కపోత బాగా ఉండి, గోబీపువ్వు లాగా తెల్ల మబ్బు నిలువుగా పెరుగుతుంటే ఫోన్ జేబులో పెట్టి పార పట్టుకోవడమే.

సమస్య: రంగు మన ఊరి మీదనే ఉంది, చుక్క పడలేదు

మీరు తెరిచింది మ్యాక్స్ జెడ్ అనే బొమ్మ అయి ఉంటది. అది ఆ చోట నేల నుంచి పైదాకా ఏ ఎత్తులో మబ్బుకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్ ఎక్కువ బలంగా ఉందో దాన్నే చూపిస్తది, కింద పడుతుందో లేదో చెప్పదు. ఎండలు మండుతున్నప్పుడు కింద గాలి పొడిగా ఉండి పైన పడ్డ వాన దారిలోనే ఆవిరైపోతది. అలాంటప్పుడు ఎస్ఆర్ఐ అని ఇంకో బొమ్మ ఉంటది, నేల దగ్గర వాన గంటకి ఎన్ని మిల్లీమీటర్లో అంచనా వేసి చూపిస్తది, రెండూ పక్కపక్కన చూడండి.

కానీ మ్యాక్స్ జెడ్‌ని వదిలేయకండి, నాకు అదే ఎక్కువ పనికొచ్చింది. బొమ్మకి పైన, కుడి పక్కన సన్న పట్టీలు ఉంటయి కదా, చాలామంది అవేంటో పట్టించుకోరు, అవి మబ్బుని పక్కనుంచి చూస్తే ఎంత ఎత్తుందో చూపిస్తయి. రంగు పక్కన స్కేల్‌లో నంబర్లు డీబీజెడ్‌లో (ఆ తిరిగొచ్చే సిగ్నల్ బలానికి కొలత) ఉంటయి. 20 లోపైతే నేను పట్టించుకోను, 30 దాటితే ఓ మోస్తరు వాన, 40 దాటితే గట్టి వాన, 50 దాటి ఆ పట్టీలో 12-15 కిలోమీటర్ల ఎత్తుదాకా రంగు లేస్తే రాళ్ల వాన అనుమానం పెట్టుకోవాలి.

రాడార్ చుట్టూ కదలకుండా ఉండే మచ్చలు, నడిమధ్య నుంచి అంచు దాకా సూటిగా గీసినట్టుండే గీతలు వాన కాదు. మొదటివి కొండలు, బిల్డింగులు, రెండోవి వేరే సిగ్నళ్లు, ఒక్కోసారి పొద్దు గూకేటప్పుడు సూర్యుడే. నాలుగు బొమ్మలు వరసగా చూస్తే వాన కదులుతది, ఇవి కదలవు.

సమస్య: ఇటే వస్తుందనుకుంటే పక్కకి పోయింది, లేదా ముందే వచ్చేసింది

ఒక్క బొమ్మ చూసి దిక్కు చెప్పలేం. నేను చేసేది ఇది: అరగంట కిందటి బొమ్మ, ఇప్పటి బొమ్మ తీసుకుని మబ్బు ముందు అంచు ఎక్కడుందో చూస్త. మా వైపు ఎండాకాలం వాన ఎక్కువసార్లు పడమర నుంచే వస్తది, హైవే మీద నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట వరసగా ఉంటయి, ఒకదానికొకటి అటూఇటుగా పాతిక కిలోమీటర్లు. అరగంటలో అంచు నార్కట్‌పల్లి నుంచి నకిరేకల్ దాకా వచ్చిందంటే ఇంకో అరగంటలో మన దగ్గర ఉంటది, నాకు 40 నిమిషాలు కావాలి కాబట్టి నకిరేకల్ దాకా రానీయకుండానే మొదలుపెట్టాలి. రాడార్ బొమ్మ మీద ఊర్ల పేర్లు తక్కువ, జిల్లా గీతలు గుర్తుపెట్టుకుంటే చాలు. మీ ఊరికి పడమర రెండు ఊర్లు ఇట్లనే ఎంచుకోండి, అక్కడ తెలిసినోళ్ల నంబర్ కూడా ఉంచుకోండి, "పడుతుందా బావా" అని ఒక్క ఫోన్ కొడితే రాడార్ చెప్పింది నిజమో కాదో తేలిపోతది.

వాన కంటే ముందు గాలి వస్తది, దీన్ని మర్చిపోకండి. మబ్బులోంచి చల్లగాలి కిందికి దూకి నేల మీద పరుచుకుంటది, అది వాన అంచుకి పది, ఇరవై కిలోమీటర్ల ముందు కూడా ఉండొచ్చు. పట్టా కప్పి రాళ్లు పెట్టకపోతే దుమారానికి అది లేచిపోతది, తర్వాత వాన నేరుగా వడ్ల మీద. ఇసుక బస్తాలు ముందే తెచ్చి కుప్ప చుట్టూ పెట్టుకోండి.

సమస్య: యాప్‌లో రేపటి వాన కూడా రంగుల్లో కదులుతుంది, కానీ తప్పు చెప్తుంది

అది రాడార్ కాదు, కంప్యూటర్ మోడల్, అంటే ముందు వాన ఎట్లుంటదో కంప్యూటర్ లెక్కేసి చెప్పే అంచనా. రెండూ ఒకే రంగుల్లో ఉంటయి కాబట్టి మోసపోతం. రేపు ఆరబోయాలా వద్దా అన్నదానికి మోడల్ చూడండి, ఇప్పుడు కుప్ప చేయాలా అంటే రాడారే.

సమస్య: సరిగ్గా మబ్బు పట్టినప్పుడే నెట్ పోతది

మూడింటికే ఒకసారి చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక కూడా అప్పుడే చూడండి. ఆరెంజ్, రెడ్ ఉంటే ఆరోజు వడ్లు పలచగా పరవకండి, కుప్ప చేయడం తొందరగా అయితది.

పిడుగు సంగతి వేరే. దామిని యాప్‌లో మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల గిరి గీసి ఎక్కడ పిడుగులు పడుతున్నయో చూపిస్తది, అది ఫోన్‌లో తప్పక పెట్టుకోండి. ఉరుము చెవికి వినపడ్డదంటే పిడుగు మీ మీద పడేంత దగ్గర్లో ఉన్నట్టే. పట్టా సగమే కప్పి ఉన్నా సరే వదిలేసి పక్కా బిల్డింగ్‌లోకో కారులోకో పోండి, చెట్టు కిందికి పోకండి, ట్రాక్టర్ ట్రాలీ కింద దూరకండి. చివరి ఉరుము వినపడ్డ తర్వాత అరగంట ఆగి అప్పుడు బయటికి వచ్చి పట్టా సంగతి చూడండి.