వ్యాపార ఈమెయిలును క్లౌడుకు తరలించడం – రెండవ పాఠం: ఏమేమి తరలించాలో లెక్క తీయడం

మొదటి పాఠంలో రెండు పనులు చేశాము. ఏ క్లౌడ్ సేవకు వెళ్లాలో నిర్ణయించుకున్నాము. డొమైన్ పేరు ఎవరి ఖాతాలో రిజిస్టరై ఉందో వెతికి, ఆ లాగిన్‌ను యజమాని చేతికి తెచ్చుకున్నాము. రెండవ పని ఇంకా పూర్తికానివారు ఈ పాఠం చదవవచ్చు గాని, ఆచరణలోకి దిగవద్దని కోరుతున్నాను. వెబ్‌సైటు చేసి ఇచ్చిన వ్యక్తి సొంత ఖాతాలోనే డొమైన్ ఉండిపోయిన సంస్థలను గుంటూరులో చాలా చూశాను. మార్పు చేసే రోజున ఆయన ఫోన్ ఎత్తకపోతే మన చేతిలో ఏమీ ఉండదు.

ఈ వారం లెక్క తీయాలి. మెయిల్ మార్చడమంటే చాలామందికి గుర్తుకు వచ్చేది చివరి ఘట్టం, అంటే డొమైన్ రికార్డులలో, మన మెయిల్ ఏ సర్వరుకు చేరాలో చెప్పే ఎంఎక్స్ అనే వరుసను పాత సర్వరు నుంచి కొత్త సేవకు తిప్పడం. అది పది నిమిషాల పని. దాని తరువాత తలెత్తే ఇబ్బందులు మాత్రం, నా అనుభవంలో, మూడు వారాల ముందు ఎవరూ రాసుకోని ఒక ఐడీ వల్లనో, ఎవరూ తెరిచి చూడని ఒక కంప్యూటరు వల్లనో వచ్చినవే. అందుకే మొత్తం పనికి పెట్టుకున్న కాలంలో సగం ఈ లెక్కకే ఇవ్వమంటాను.

పాఠానికి ఉదాహరణగా ఒక మిర్చి ఎగుమతి సంస్థను ఊహించుకుందాం. ఆఫీసు పట్నం బజారులో, కోల్డ్ స్టోరేజీ ఏటుకూరు రోడ్డులో. పనిచేసేవారు 14 మంది. మెయిల్ ఇప్పుడు వెబ్‌సైటుతో పాటు ఒకే హోస్టింగ్ ప్యాకేజీలో నడుస్తోంది. మన ప్రాంతంలో చిన్న, మధ్యస్థ వ్యాపారాలలో తరచుగా కనిపించే ఏర్పాటు ఇదే.

ఐడీల పట్టిక

హోస్టింగ్ ప్యానెల్ తెరిచి మెయిల్ ఖాతాల పట్టికను ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించండి. 14 మంది ఉన్న చోట 23 ఐడీలు తేలితే ఆశ్చర్యపోనక్కరలేదు. మనుషుల ఐడీలతో పాటు ఎగుమతుల ఐడీ, అకౌంట్స్ ఐడీ, ఎంక్వైరీల ఐడీ, కోల్డ్ స్టోరేజీ ఐడీ, రెండేళ్ల క్రితం మానేసి వెళ్లిన మేనేజరు ఐడీ కూడా అందులో ఉంటాయి. ప్రతి ఐడీ ఎదురుగా దాన్ని ఎవరెవరు తెరుస్తున్నారో, ఏ కంప్యూటర్లలో, ఏ ఫోన్లలో తెరుస్తున్నారో, సర్వరులో అది ఎంత జాగా తీసుకుంటోందో రాయండి. ఒక ఐడీకి వచ్చిన మెయిల్‌ను మరో ఐడీకి పంపే ఫార్వర్డర్లు ప్యానెల్‌లో వేరే పేజీలో ఉంటాయి కాబట్టి ఖాతాల పట్టికలో కనిపించవు. ఆ పేజీని కూడా తెరిచి, ఏ ఐడీకి వచ్చినది ఎక్కడికి వెళ్తోందో అదే షీటులో చేర్చండి.

ఈ పట్టికకు ఖర్చుతో నేరుగా సంబంధం ఉంది. క్లౌడ్ సేవలు నెలకు మనిషి లెక్కన సొమ్ము తీసుకుంటాయి. కాబట్టి 23 ఐడీలకు 23 లైసెన్సులు కొనడం అనవసరం. ముగ్గురు కలిసి చూసే ఎగుమతుల ఐడీని గూగుల్ వర్క్‌స్పేస్‌లో గ్రూపుగానూ, మైక్రోసాఫ్ట్ 365లో షేర్డ్ మెయిల్‌బాక్సుగానూ పెట్టుకోవచ్చు. ఒకే మనిషికి ఉన్న రెండు మూడు పేర్లను ఒక ఖాతాకు మారుపేర్లుగా, అంటే ఎలియాస్‌లుగా, చేర్చవచ్చు.

మానేసిన మేనేజరు ఐడీని మాత్రం తొందరపడి కొట్టివేయవద్దు. పట్టికలో ‘ఈ ఐడీకి ఓటీపీ వస్తుందా?’ అని ఒక గడి పెట్టమని నేను అందరికీ చెబుతాను. బ్యాంకులో, జీఎస్టీ పోర్టల్‌లో, ఎగుమతిదారుల కోడ్ ఇచ్చే డీజీఎఫ్‌టీలో, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్‌లో ఏ ఐడీ నమోదై ఉందో ఒక్కొక్కటిగా లాగినై చూసుకోవాలి. డొమైన్ మారడం లేదు గనుక వీటిలో దేనినీ మళ్లీ నమోదు చేయించనక్కరలేదు. అయితే నమోదైన ఐడీ కొత్త సేవలో లేకపోతే ఓటీపీ వెనక్కి వెళ్లిపోతుంది. ఆ సంగతి ఏదో ఒక గడువు రోజున గాని బయటపడదు. పాత మేనేజరు ఐడీని యజమాని ఖాతాకు ఎలియాస్‌గా తగిలిస్తే లైసెన్సు ఖర్చు లేకుండానే చిక్కు తీరుతుంది.

ఒక్క కంప్యూటరులోనే ఉన్న మెయిల్

ఈ పాఠం మొత్తంలో నేను ఎక్కువ నొక్కి చెప్పేది ఈ భాగాన్నే.

సర్వరు నుంచి మెయిల్ చదవడానికి రెండు పద్ధతులున్నాయి. ఐమ్యాప్ పద్ధతిలో మెయిల్ సర్వరులోనే ఉంటుంది, కంప్యూటరులో దాని ప్రతి కనిపిస్తుంది. పాప్ పద్ధతిలో మెయిల్ కంప్యూటరులోకి దిగిపోతుంది, సర్వరులోని కాపీ కొన్ని రోజులకు చెరిగిపోతుంది. అవుట్‌లుక్‌లో సాధారణంగా ఆ గడువు 14 రోజులు ఉంటుంది. ఇప్పుడు ఎవరిది ఏ పద్ధతో తెలియాలంటే ప్రతి కంప్యూటరు ముందూ కూర్చోవలసిందే. అవుట్‌లుక్‌లో ఫైల్ మెనూ, అందులో అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే, ఐడీ పేరు పక్కన టైప్ అనే వరుసలో పాప్ అనో ఐమ్యాప్ అనో రాసి ఉంటుంది. పక్కనున్న డేటా ఫైల్స్ అనే ట్యాబులో ఆ మెయిల్ ఏ డ్రైవులో, ఏ ఫైలులో ఉందో కనిపిస్తుంది.

ఒక సంస్థలో అకౌంట్స్ గుమాస్తా గారి బల్ల దగ్గర ఇలాగే కూర్చుని చూశాను. సర్వరులో ఆయన ఐడీ 60 ఎంబీ చూపించింది. ఆయన కంప్యూటరు డీ డ్రైవులో, అవుట్‌లుక్ మెయిల్‌ను దాచుకునే పీఎస్టీ అనే ఫైలు 31 జీబీ. అందులో 11 ఏళ్ల మెయిల్ ఉంది: కొనుగోలుదారు పేరుతో ఒక్కో ఫోల్డరు, దాని లోపల కంటెయినరు నంబరుతో ఒక్కో ఫోల్డరు, అన్నీ ఆయన చేతితో సర్దుకున్నవి. సర్వరు నుంచి సర్వరుకు తరలించి పని అయిపోయిందనుకుని ఉంటే కొత్త సేవలోకి వచ్చేది ఆ 60 ఎంబీ మాత్రమే; మిగతాదంతా ఎప్పటిలాగే బ్యాకప్ లేని ఒక్క హార్డ్ డిస్కులో ఉండిపోయేది. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలూ పత్రాలూ భద్రపరచాలని కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. ఆర్డరు ఒప్పుకున్న మెయిల్, రేటు ఖాయం చేసిన మెయిల్ ఆ పత్రాల పక్కన ఉండవలసినవే కదా.

పీఎస్టీ కనిపించిన వెంటనే అవుట్‌లుక్‌ను మూసివేసి, ఆ ఫైలును ఒక బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. అవుట్‌లుక్ తెరిచి ఉండగా కాపీ చేయబోవద్దు. తరువాత దాన్ని పైకి ఎక్కించే దారి ఆలోచించాలి. గూగుల్‌కు వెళ్లేవారిలో కొందరు కొత్త ఖాతాను అవుట్‌లుక్‌లో ఐమ్యాప్‌గా పెట్టుకుని పాత ఫోల్డర్లను మౌసుతో లాగి అందులో వేస్తారు. జీమెయిల్ ఐమ్యాప్ ద్వారా ఎక్కించుకునేది రోజుకు 500 ఎంబీ. ఆ లెక్కన 31 జీబీకి రెండు నెలలు పడుతుంది. గూగుల్ అవుట్‌లుక్ వాడుకదారుల కోసం విడిగా ఇచ్చే మైగ్రేషన్ సాధనాన్ని వాడాలి. మైక్రోసాఫ్ట్‌కు వెళ్లేవారు అవుట్‌లుక్‌లోని ఇంపోర్ట్ సదుపాయాన్ని వాడవచ్చు.

ఐమ్యాప్ ద్వారా సర్వరు నుంచి సర్వరుకు చేసే తరలింపులో కాంటాక్టులు, క్యాలెండరు రావని కూడా గుర్తుంచుకోండి. వాటిని విడిగా ఎగుమతి చేసుకోవాలి.

మన పేరుతో మెయిల్ పంపే యంత్రాలు

మెయిల్ పంపేది మనుషులే అనుకుంటాము. ఆఫీసంతా ఒకసారి తిరిగి చూడండి. స్కానరు కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్ పంపుతుంది. టాలీ నుంచి బిల్లులు వెళ్తాయి. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాటా సాఫ్ట్‌వేరు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కతో తూకం చీటీని పంపుతుండవచ్చు. సీసీ కెమెరాల రికార్డరు హెచ్చరికలు పంపుతుండవచ్చు. వీటన్నిటి సెట్టింగులలో పాత సర్వరు పేరు, ఒక ఐడీ, దాని పాస్‌వర్డు రాసి ఉంటాయి. మామూలు పాస్‌వర్డుతో లాగినయ్యే పాత పద్ధతిని క్లౌడ్ సేవలు క్రమంగా మూసివేస్తున్నాయి: మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరులోనూ, గూగుల్ వర్క్‌స్పేస్ 2025లోనూ చాలావరకు ఆపివేశాయి. పాత స్కానరుకు విడిగా ఒక యాప్ పాస్‌వర్డో (ఆ యంత్రం కోసమే తీసుకునే వేరే పాస్‌వర్డు), మరో దారో చూడవలసి వస్తుంది కాబట్టి, యంత్రం మోడలు నంబరును కూడా షీటులో రాయండి.

ఈ పట్టిక ఎస్పీఎఫ్ రికార్డుకు ఆధారం. మన డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో లోకానికి చెప్పే వరుస అది. ఒక డొమైనుకు ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. కొత్త సేవవారు ఇచ్చినదాన్ని పాతదాని కింద రెండవ రికార్డుగా చేర్చితే, అందుకునే సర్వరు రెండింటినీ చెల్లనివిగా ఎంచి పక్కన పెడుతుంది. మన ప్రొఫార్మా ఇన్వాయిసు కొనుగోలుదారు స్పామ్ ఫోల్డరులో పడవచ్చు. రెండింటిలోని సర్వర్లనూ ఒకే వరుసలో కలపాలి, ఆ వరుస పదికి మించి డీఎన్ఎస్ (డొమైన్ రికార్డుల) వెతుకులాటలు చేయించకూడదు.

వెబ్‌సైటు విషయంలో నా చేతిమీదుగా జరిగిన ఒక తప్పు చెబుతాను. ఒక సంస్థకు ఎంఎక్స్ మార్చి, పరీక్ష మెయిళ్లు పంపి, అన్నీ వస్తున్నాయని నిర్ధారించుకుని వచ్చేశాను. 11 రోజుల తరువాత యజమాని ఫోన్ చేసి వెబ్‌సైటు నుంచి ఎంక్వైరీలు ఆగిపోయాయన్నారు. అవి ఆగలేదు. వెబ్‌సైటు ఉన్న సర్వరు ఆ డొమైన్ మెయిల్ ఇప్పటికీ తనదేననుకుని, ఎంఎక్స్ రికార్డు వైపు చూడకుండానే, ఫారం నింపిన ప్రతివారి మెయిల్‌నూ తన దగ్గరున్న పాత మెయిల్‌బాక్సులోనే వేసుకుంటోంది. సీప్యానెల్ అనే హోస్టింగ్ ప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్ అనే చోట ‘లోకల్’ను ‘రిమోట్’గా మార్చడమే దీనికి విరుగుడు. ఆ 11 రోజులలో వచ్చిన ఎంక్వైరీలలో ఒకటి కంటెయినరు సరుకు కోసం వచ్చినది. మేము చూసేసరికి వారు వేరేచోట కొనుక్కున్నారు. అప్పటినుంచి ఆ వరుస నా షీటులో మొదటి పేజీలోనే ఉంటుంది.

కాలమూ తేదీ

ఆఫీసు నుంచి ఎక్కించవలసిన పీఎస్టీల మొత్తాన్ని ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగంతో భాగించండి. డౌన్‌లోడ్ వేగం ఇక్కడ పనికిరాదు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 2.5 ఎంబీ, గంటకు 9 జీబీ. ఆ 31 జీబీకి కాగితం మీద మూడున్నర గంటలు. నేనైతే ఒక రాత్రి పూర్తిగా కేటాయిస్తాను. సర్వరు నుంచి సర్వరుకు వెళ్లే మెయిల్ మన ఆఫీసు లైను మీద నడవదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపవద్దు.

తేదీకి వస్తే, మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు గనుక శుక్రవారం సాయంత్రం అనుకూలం. నెలనెలా రిటర్నులు వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. ఈ రెండింటి దరిదాపులను వదిలిపెట్టి, 20 దాటాక వచ్చే మొదటి శుక్రవారం తీసుకోండి. సరుకు రద్దీగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ పని పెట్టుకోకపోతే మంచిది. బంగ్లాదేశ్‌కు ఎగుమతి చేసేవారు ఇంకొకటి చూసుకోవాలి: అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం ఉదయం మన ఆఫీసు మూసి ఉన్నప్పుడు ఢాకాలో ఆఫీసులు తెరుస్తారు. కాబట్టి మార్పు శనివారం రాత్రికల్లా పూర్తయి, పరీక్షలు కూడా అయిపోవాలి.

ఆ శుక్రవారానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. ఎంఎక్స్ రికార్డు పక్కన టీటీఎల్ అనే సంఖ్య ఉంటుంది. ఇతర సర్వర్లు పాత సమాధానాన్ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో అది చెబుతుంది. అది 86400 ఉంటే, మనం మార్చిన తరువాత కూడా 24 గంటలపాటు కొందరి మెయిల్ పాత సర్వరుకే వెళ్తుంది. బుధవారమే దాన్ని 300కు తగ్గిస్తే, శుక్రవారం నాటికి పాత సంఖ్య అందరి దగ్గరా కాలం తీరిపోయి, మార్పు ఐదు నిమిషాలలో పాకుతుంది. శుక్రవారం సాయంత్రం తగ్గిస్తే ప్రయోజనం లేదు. మధ్యలో కొత్త సేవ కాసేపు అందకపోయినా కంగారుపడవద్దు: పంపే సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. పాత మెయిల్‌బాక్సులను మాత్రం కనీసం రెండు నెలలు తీసివేయవద్దు. ఆ హోస్టింగ్ రెన్యువల్ తేదీని కూడా షీటులో రాసి, గడువు దగ్గరలో ఉంటే ముందే కట్టించండి.

ఈ వారం అభ్యాసం

షీటును ఐదు పేజీలుగా చేయండి: ఐడీలు, ఫార్వర్డర్లు, కంప్యూటర్లూ పీఎస్టీలూ, మెయిల్ పంపే యంత్రాలు, ఇప్పుడున్న డీఎన్ఎస్ రికార్డులు. చివరి పేజీ కోసం డొమైన్ ప్యానెల్‌లోని ప్రతి వరుసనూ టీటీఎల్‌తో సహా ఉన్నది ఉన్నట్లు రాసి, తెరను ఫోటో కూడా తీసి ఉంచండి. తరువాత షీటును గుమాస్తా గారికీ, గేటు దగ్గర కాటా చూసేవారికీ, ఎగుమతుల పత్రాలు చూసేవారికీ విడివిడిగా చూపించి ‘ఇందులో లేనిది ఏమైనా ఉందా?’ అని అడగండి. ముగ్గురిలో ఒకరైనా మీరు రాయని ఐడీ ఒకటి చెబుతారు.

వచ్చే పాఠంలో రెండు ఐడీలతో ప్రయోగాత్మకంగా తరలించి చూద్దాం. ఒకటి పాప్‌లో ఉన్నది, ఒకటి ముగ్గురు కలిసి వాడేది ఎంచుకుని, వాటి పీఎస్టీ కాపీలు బయటి డిస్కులో సిద్ధంగా ఉంచుకోండి.