ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచే ఆంప్లిఫయర్‌కు ట్రాన్సిస్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

మా అమ్మకు చెవి మందగించింది. తిరుపతి అన్నమాచార్య కళామందిరంలో కార్యక్రమానికి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నా మాటలు సరిగా అందవు. డాక్టర్‌కు చూపించాక, అరచేతిలో పట్టే పెట్టెలో మైకు, ఆంప్లిఫయర్, ఇయర్‌ఫోను అమర్చి ఇద్దామనుకున్నాను. అది ఒక్క పెన్సిల్ సెల్‌తోనే నడవాలని పట్టుబట్టాను. రెండు సెల్‌లైతే ఏది ఎటు పెట్టాలో తెలియక అమ్మ తడబడుతుంది. ఒక్కటైతే వీధి చివరి కొట్లో కొనుక్కుని తనే మార్చుకుంటుంది. ఆ పట్టుదల వల్లే, ఇన్నేళ్లుగా చేతికి దొరికింది వాడే నేను ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షించి ఏరడం మొదలుపెట్టాను.

మొదట ఉన్న వోల్టేజీ ఎంతో చూసుకోండి. కొత్త సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది కానీ వాడేకొద్దీ 1 వోల్టు దాకా జారుతుంది. రీఛార్జి సెల్‌లో ఉండేదే 1.2. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లుంటాయి; బేస్‌కు ఇచ్చే చిన్న కరెంటు కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు పెద్ద కరెంటును నడుపుతుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ పనిచేయాలంటే బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య సుమారు 0.6 వోల్టు కావాలి. కాబట్టి రెండు బేస్-ఎమిటర్ జంక్షన్లు వరుసగా వచ్చే అమరిక ఏదైనా పక్కన పెట్టేయండి. డార్లింగ్‌టన్ జతకు (ఒకదాని ఎమిటర్‌ను మరోదాని బేస్‌కు కలిపిన రెండు ట్రాన్సిస్టర్లకు) 1.2 వోల్టులు కావాలి; సెల్ సగం వాడేసరికే అది మూగబోతుంది. 2ఎన్7000 మాస్‌ఫెట్ (కరెంటుతో కాక వోల్టేజీతో తెరుచుకునే రకం ట్రాన్సిస్టర్) 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా తెరుచుకోవచ్చు, దాన్ని నమ్ముకోలేం. అందరూ వాడే ఎల్ఎం386 ఐసీకి (ఆంప్లిఫయర్ మొత్తం ఒకే చిప్‌లో ఉండేదానికి) కనీసం 4 వోల్టులుండాలి. అలాంటిదే టీడీఏ2822ఎం 1.8 దాకా దిగుతుంది, అయినా ఒక్క సెల్‌కు అందదు. మిగిలింది విడి ట్రాన్సిస్టర్లే.

మైకు పక్కన ఉండే మొదటి దశకు బీసీ549సీ తీసుకోండి. రొద తక్కువ. చివరి ‘సీ’ అక్షరాన్ని మరిచిపోవద్దు, అది గెయిన్ (బేస్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 420 నుంచి 800 మధ్య ఉండే రకమని చెబుతుంది. ‘బీ’ అయితే 200 నుంచి 450. ఈ దశను చాలా తక్కువ కరెంటుతో నడపాలి. కరెంటు పదో వంతుకు తగ్గితే బేస్ అడిగే వోల్టేజీ కూడా దాదాపు 60 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఒక వోల్టులో బతికే సర్క్యూట్‌కు అది చిన్న లాభం కాదు. అయితే కరెంటు తగ్గితే గెయిన్ కూడా పడిపోతుంది: 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర 520 ఉన్న ‘సీ’ రకం 10 మైక్రో ఆంపియర్ల దగ్గర సుమారు 270కి దిగుతుంది. అందుకే మొదట్లోనే ఎక్కువ గెయిన్ ఉన్నదాన్ని ఏరుకోవాలి. నేను ప్లస్ నుంచి కలెక్టర్‌కు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, కలెక్టర్ నుంచి బేస్‌కు 1 మెగా ఓమ్‌ది పెట్టాను. గెయిన్ 500 ఉంటే కొత్త సెల్‌తో కలెక్టర్ దగ్గర 0.87 వోల్టు, 1.1కి దిగిన సెల్‌తో 0.75 వస్తుంది. రెండు స్థితుల్లోనూ దశ సజీవంగా ఉంటుంది.

పైన ముద్రించిన అక్షరాలను మాత్రం నమ్మకండి. ఒకసారి నేను కొన్న పది బీసీ549సీలలో నాలుగు మల్టీమీటర్‌లో 180 దాటలేదు. కొన్న ప్రతిదాన్నీ కొలిచి, గెయిన్ అంకెను చిన్న కాగితం మీద రాసి కాళ్లకు గుచ్చి పెట్టుకోండి.

అసలు జాగ్రత్త చివరి దశలో కావాలి. అక్కడ చూడాల్సింది శాచురేషన్ వోల్టేజీ, అంటే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకున్నా కలెక్టర్, ఎమిటర్ల మధ్య తనకోసం అట్టిపెట్టుకునే వోల్టేజీ. 9 వోల్టుల సర్క్యూట్‌లో 0.1 పోతే ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర అది పదో వంతు. దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. గోడ గడియారం నుంచి తీసేసిన సెల్ తీసుకోండి, నా దగ్గరున్నది 1.1 వోల్టులు చూపిస్తుంది. ఇయర్‌ఫోనుకు బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్‌ను ప్లస్ నుంచి కలెక్టర్‌కు, 150 ఓమ్‌లది ప్లస్ నుంచి బేస్‌కు కలపండి, ఎమిటర్‌ను మైనస్‌కు. కలెక్టర్, ఎమిటర్ల మీద మీటర్ తీగల కొసలు ఆనించండి. నా బీసీ547లు 0.1 దగ్గర నిలిచాయి. బీసీ337లు 0.05 లోపే ఆగాయి. బీసీ337 పెద్ద కరెంట్ల కోసం చేసినది కాబట్టి ఈ చిన్న పని దానికి సులువు. అందులో ‘-40’ రకం తీసుకుంటే గెయిన్ 250కి తగ్గదు. ఇయర్‌ఫోనును నేరుగా దాని కలెక్టర్‌కే కలపండి, ఎమిటర్ ఫాలోయర్‌గా, అంటే ఇయర్‌ఫోనును ఎమిటర్ వైపు కలిపి, వాడవద్దు.

సిలికాన్‌కు ముందు వాడిన జెర్మేనియం ట్రాన్సిస్టర్ల సంగతి చాలామంది అడుగుతారు. పాత రేడియోల్లోని ఏసీ128కు బేస్ దగ్గర 0.2 వోల్టు చాలు కాబట్టి ఒక్క సెల్‌కు అది సహజమైన జోడీ. నాకూ దాని మీద మమకారం ఉంది. కానీ తిరుపతి ఎండలో దాని లీకేజీ (బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కారే కరెంటు) నిలవదు, సుమారు ప్రతి పది డిగ్రీలకూ రెట్టింపవుతుంది. బేస్‌ను వదిలేసి కొలిస్తే ఉదయం 28 డిగ్రీల దగ్గర 150 మైక్రో ఆంపియర్లు కారిన ఏసీ128, మే నెల మధ్యాహ్నం మా మేడ గదిలో 42 డిగ్రీలకు 400 దాటింది. అమ్మ ఆ పెట్టెను ఎండలో పట్టుకు తిరుగుతుంది. అందుకే సిలికాన్‌కే కట్టుబడ్డాను. సిలికాన్ బేస్ వోల్టేజీ కూడా డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కానీ, కలెక్టర్ నుంచి బేస్‌కు పెట్టిన రెసిస్టర్ ఆ తేడాను సర్దుతుంది.

అన్నీ బ్రెడ్‌బోర్డు (అతకకుండా భాగాలను గుచ్చి పరీక్షించే పలక) మీద అమర్చాక మొదట కొత్త సెల్ పెట్టకండి, ఆ గడియారం సెల్‌నే పెట్టి వినండి. సెల్ పాతబడేకొద్దీ లోపలి నిరోధం పెరిగి, చివరి దశ గుంజే కరెంటు మొదటి దశను కూడా ఊపేస్తుంది. చెవిలో బుడబుడమని చప్పుడు వస్తుంది. అప్పుడు ట్రాన్సిస్టర్లు మార్చవద్దు. సెల్ రెండు కొసల మధ్య 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. అయినా ఆగకపోతే మొదటి దశకు వెళ్లే ప్లస్ తీగలో 100 ఓమ్‌లు, దాని తర్వాత మరో కెపాసిటర్ చేర్చండి.