గడియార జన్యువులు, క్యాన్సర్ ముప్పు: అధ్యయన ఫలితాన్ని ఎలా చదవాలి

ఒంట్లో నిద్ర, మెలకువ వంటి రోజువారీ లయను నడిపే జన్యువులను గడియార జన్యువులు అంటారు, పెర్3 వాటిలో ఒకటి. ‘మీ పెర్3 జన్యువు రూపం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది’ అన్న వాక్యం జన్యు పరీక్ష నివేదికలో కనిపించినప్పుడు, ముందుగా ఆ మాట రక్తనమూనాలో చూసిన పుట్టుకతో వచ్చిన తేడా గురించా, కణితి ముక్కలో ఆ జన్యువు ఎంత చురుకుగా పనిచేస్తున్నదన్న కొలత గురించా అని తేల్చుకోవాలి. కణితిలో ఈ ఒంటి గడియారం గాడి తప్పడం వ్యాధికి కారణం కావచ్చు, వ్యాధి ఫలితమూ కావచ్చు. కాబట్టి రెండో రకం కొలతను పట్టుకుని ఎవరి ముప్పునూ ముందుగా చెప్పలేము.

గడియార జన్యువులకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్న అనుమానానికి జీవశాస్త్ర ఆధారం లేకపోలేదు. క్లాక్, బీమాల్1 అనే గడియార ప్రోటీన్లు జతకట్టి పెర్, క్రై జన్యువులను పనిచేయిస్తాయి. అలా తయారైన పెర్, క్రై ప్రోటీన్లు పోగుపడి తిరిగి ఆ జతనే అణచివేస్తాయి. ఈ చక్రం సుమారు 24 గంటలకు ఒకసారి తిరుగుతుంది. కణ విభజనను అదుపుచేసే వీ1 వంటి జన్యువులు కూడా ఈ చక్రం చెప్పుచేతల్లోనే ఉంటాయి. పెర్2 దెబ్బతిన్న ఎలుకలకు గామా కిరణాలు సోకినప్పుడు కణితులు ఎక్కువగా వచ్చాయని 2002లో వెల్లడైంది. అయితే ఎలుకలో జన్యువు పూర్తిగా చెడిపోవడం వేరు, మనుషుల్లో సాధారణంగా కనిపించే చిన్న తేడా వేరు.

ఇక అంకెలను చూడాలి. పెర్3 జన్యువులో 54 అక్షరాల ముక్క ఒకటి కొందరిలో 4 సార్లు, కొందరిలో 5 సార్లు వరుసగా ఉంటుంది. 5 సార్లు ఉన్న రూపం కలిగి, నెలసరి ఇంకా ఆగని స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఆడ్స్ రేషియో (ఆ రూపం లేనివారితో పోల్చి ముప్పును చూపే అంకె, 1 అంటే తేడా లేనట్టే) 1.7 అని 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. అసలు చూడవలసింది దాని పక్కనున్న 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ను, అంటే అసలు విలువ ఉండగల పరిధిని. అది 1.0 నుంచి 3.0 వరకు ఉన్నది, అంటే ముప్పు మూడింతలు కావచ్చు, అసలు తేడాయే లేకపోవచ్చు. పైగా అది స్త్రీలందరిలో కాక, ఒక ఉపవర్గంలో మాత్రమే కనిపించిన ఫలితం. తరువాతి అధ్యయనాలు దానిని ఒకే తీరుగా సమర్థించలేదు.

అధ్యయనం ఎన్ని తేడాలను పరీక్షించిందో కూడా లెక్కించండి. పది జన్యువుల్లో ఐదేసి చొప్పున 50 పరీక్షలు చేసి, పి-విలువ (సంబంధమేదీ లేకున్నా అలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ ఉండాలన్నది గీటురాయిగా పెట్టుకుంటే, నిజమైన సంబంధం ఒక్కటీ లేకపోయినా రెండు మూడు ‘ముఖ్య ఫలితాలు’ యాదృచ్ఛికంగానే బయటపడతాయి. మొత్తం జన్యుపటాన్ని జల్లెడ పట్టే అధ్యయనాల్లో ఈ హద్దును 0.00000005 దగ్గర పెట్టడానికి కారణం ఇదే.

ఒంటి గడియారాన్ని గాడి తప్పించే రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ఒకసారి, 2019లో మరోసారి వర్గీకరించింది. పరీక్షలు అమ్మేవారు దీనినే జన్యు తేడాకు రుజువుగా చూపితే నమ్మవద్దు, అది పనివేళల గురించి చెప్పిన మాట.

రోగి ఎంతకాలం జీవిస్తారన్న ప్రశ్నకు మరింత జాగ్రత్త కావాలి. వ్యాధి ఏ దశలో బయటపడింది, ఏ చికిత్స జరిగింది, వయసెంత అన్నవి లెక్కలోకి తీసుకున్నారా అని చూడండి. అవి లేకుండా ఇచ్చిన హజార్డ్ రేషియోను (రెండు వర్గాల్లో మరణం సంభవించే వేగాన్ని పోల్చే అంకెను) పక్కన పెట్టవచ్చు. తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులోనే రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే, డాక్టరును అడగవలసింది పెర్3 గురించి కాదు, ఈ క్యాన్సర్ల ముప్పును బాగా పెంచే మార్పులు కనిపించే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల పరీక్షల గురించి.